రబ్బరు నురుగుకు ముందటి రాక్షసులు

తెలుగు జానపద చిత్రాలలో కత్తియుద్ధానికి మారుపేరుగా నిలిచిన కాంతారావు 1923లో, నేటి సూర్యాపేట జిల్లాలో కోదాడకు చేరువనున్న గుడిబండ గ్రామంలో జన్మించారు. బి. విఠలాచార్య దర్శకత్వంలో ఆయన కథానాయకుడిగా వచ్చిన 'జయ విజయ' (1959), 'గురువును మించిన శిష్యుడు' (1963), 'జ్వాలాద్వీప రహస్యం' (1965) వంటి చిత్రాల కాలంలో రాక్షసుడైనా మాంత్రికుడైనా రంగు, విగ్గు, అతికించిన గడ్డం, కోరలతోనే తయారయ్యేవాడు. ముఖానికి అర్దళం, అంటే పసుపుపచ్చని ఖనిజపు పొడి, పూసుకుని వీధిలో ఆడిన భాగవతుల వేషానికి ఈ పద్ధతి దగ్గరి చుట్టమే.

ఆ పద్ధతికి ఒక హద్దు ఉంది. రంగు ముఖంతోపాటు కదులుతుంది గాని ఎముక తీరును మార్చలేదు. గట్టి ముసుగు ఆకారాన్ని మారుస్తుంది గాని కనుబొమ ముడిపడినా, పెదవి వణికినా పైకి తెలియనివ్వదు. ఈ రెండు లోపాలనూ ఒకేసారి తీర్చినది ఫోమ్ లేటెక్స్, అనగా నురుగు రబ్బరు.

రబ్బరు చెట్టు పాలను సబ్బు వంటి నురుగునిచ్చే ద్రవ్యంతోనూ గంధకంతోనూ కలిపి బాగా గిలకొట్టి, నురుగు గడ్డకట్టడానికి మరొక రసాయనం చేర్చి, నటుడి ముఖం అచ్చుపై మలచిన రూపానికి సరిపడే మూసలో పోసి, దాదాపు 90 డిగ్రీల సెల్సియస్ వేడిలో కొన్ని గంటలు ఉడికిస్తే, దూది బరువైనా లేదనిపించే మెత్తని తొడుగు తయారవుతుంది. దాని అంచులు చర్మంలో కలిసిపోయేంత పలుచగా రావాలి. పనివాడి నేర్పు తేలేది ఆ అంచు దగ్గరే.

బ్రిటన్‌లో డన్‌లప్ సంస్థ పరిశోధకులు 1929లో రూపొందించిన ఈ నురుగు మొదట పరుపులకూ దిండ్లకూ ఉపయోగపడింది. 1939 నాటి 'ది విజార్డ్ ఆఫ్ ఆజ్' చిత్రానికి జాక్ డాన్ బృందం రబ్బరు తొడుగులను వాడగా, 1968 నాటి 'ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్' వానరముఖాలకు జాన్ ఛాంబర్స్ గౌరవ ఆస్కార్ అందుకున్నారు. మేకప్ కళాకారుడు డిక్ స్మిత్ ముఖమంతటికీ ఒకే తొడుగు వేయక, చిన్న చిన్న ముక్కలను ఒకదాని అంచుపై మరొకటి వచ్చేలా అతికించి, నటుడి ప్రతి కండర కదలికకూ దారి ఇచ్చారు. ఈ కళలో అసలైన మలుపు ఇదేనని చెప్పవలసి ఉంటుంది.

తెలుగు ప్రేక్షకులు తొడుగుల మేకప్ బలాన్ని విస్తృతంగా చూసినది 'భారతీయుడు' (1996)లో కమల్ హాసన్ వృద్ధ సేనాపతి రూపంలో. తరువాత 'దశావతారం' (2008) పది పాత్రలకు హాలీవుడ్ నిపుణుడు మైఖేల్ వెస్ట్‌మోర్ పనిచేశారు.

అయితే వేసవిలో 40 డిగ్రీలు దాటే మిర్యాలగూడ, సూర్యాపేట వంటి చోట్ల ఈ తొడుగు ధరించడం తేలికైన పని కాదు. లోపల పట్టిన చెమట జిగురును వదులు చేస్తుంది. తీసేటప్పుడు పలుచని అంచు చిరిగిపోతుంది గనుక అదే ముక్క మరునాటికి పనికిరాదు. షూటింగ్ జరిగే ప్రతి రోజుకూ కొత్త తొడుగు ఉడికించుకోవలసిందే.