రాతకు మాన్యం

అహోబిలం లాంటి పాత క్షేత్రాల్లోని శాసనాలు చదివినవాళ్లకు ఒక సంగతి తెలుస్తుంది. దైవస్తుతి, వంశప్రశంస కొద్ది పంక్తుల్లో ముగుస్తాయి. తర్వాత అసలు విషయం మొదలవుతుంది: ఎవరు ఇచ్చారు, ఏ ఊరు, ఏ పొలం, దాని రాబడితో ఏ సేవ జరగాలి, ఈ ధర్మాన్ని చెరిపినవాడికి ఏ పాపం తగులుతుంది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు అహోబిల నరసింహస్వామికి ఇచ్చిన కానుకల వివరం మనకు తెలిసిందంటే, అది రాతి మీద ఉండబట్టే. రాతి మీద ఎందుకు పెట్టారంటే, ఆ దానం వెనుక భూమి, రాబడి, హక్కు ఉన్నాయి కాబట్టి.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు రాతలన్నిటినీ కాలక్రమంలో చూస్తూ వస్తే తేలేది ఇదే: ఏ రాతకైతే పోషణ దొరికిందో అది మిగిలింది. ఫోన్లలో, హార్డ్ డిస్కుల్లో, సర్వర్లలో ఈ రోజు మనం పోగేస్తున్న సామగ్రికీ ఇదే వర్తిస్తుంది. కానీ డిజిటల్ అన్నాక ఇక శాశ్వతమే అనే భ్రమలో పడి, పోషణ మాట మరచిపోయాం.

దీపానికి మంద, రేకుకు రాగి

మధ్యయుగంలో ఆంధ్రదేశపు గుళ్లలో అఖండదీపానికి దానమిచ్చే పద్ధతి చాలా శాసనాల్లో కనిపిస్తుంది. దాత నూనె డబ్బులు ఇచ్చి ఊరుకోడు. గొర్రెల మందనో, ఆవులనో ఒక బోయకు అప్పగిస్తాడు. ఆ బోయ, అతని తర్వాత అతని సంతతి, రోజూ కొలత ప్రకారం నెయ్యి పొయ్యాలి. మంద పెరుగుతుంది కనుక అసలు తరగదు, రాబడి ఆగదు. ఇంత ఏర్పాటునూ నలుగురూ చూసే చోట రాతిపై చెక్కిస్తారు. తరగని మూలధనం, పేరున్న బాధ్యుడు, బహిరంగ సాక్ష్యం అనే మూడూ అందులో ఉన్నాయి.

తాళ్లపాక అన్నమయ్య సంకీర్తనలది మరో రకం కథ. అన్నమయ్యకు వేదాంతగురువు అహోబిల మఠం మొదటి జీయరు ఆదివణ్ శఠకోప యతి అని సంప్రదాయం. తిరుమలలో ఆ కుటుంబానికి ఉన్న పలుకుబడి, సంపద వల్ల వేల కీర్తనలు రాగిరేకుల మీదికెక్కి సంకీర్తన భాండారంలో చేరాయి. విజయనగరం పడిపోయాక వాటిని పట్టించుకున్నవాళ్లు తక్కువ. అయినా రేకులు చీకటిగదిలో వందల ఏళ్లు ఓపిగ్గా ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దంలో బయటికి తీసి చదివి అచ్చువేశారు. రాగికి ఆ ఓపిక ఉంది. హార్డ్ డిస్కుకు లేదు. వాడకుండా మూల పెట్టిన డిస్కు కొన్నేళ్లకే మొరాయిస్తుంది. అది పనిచేసినా, అందులోని ఫైలును తెరిచే సాఫ్ట్‌వేర్ అప్పటికి ఉండకపోవచ్చు. కనుక డిజిటల్ రాతను మూడు నాలుగేళ్లు మరచిపోయే వీలు కూడా లేదు. ఏటా చూడాలి, ఏటా ఖర్చు పెట్టాలి.

కరణం కవిలె, కుంఫిణీ దస్త్రం

ఒకప్పుడు గ్రామాల్లో రాతలు కాపాడే పని కరణానిది. ఊరి హద్దులు, మాన్యాలు, శిస్తు, పాత సంగతులు కవిలెల్లో రాసి తరతరాలుగా కాపాడేవాడు. అందుకు ప్రతిఫలంగా అతనికి మాన్యం ఉండేది. ఆ కవిలె పోతే అతని వృత్తికే ఆధారం పోయినట్టు. 1800లో దత్తమండలాలు నిజాము నుంచి కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) చేతికి వచ్చాక, కుంఫిణీ అధికారి కాలిన్ మెకంజీ మనుషులు ఆ కవిలెల నుంచే ఊరూరి కైఫీయత్తులు రాయించారు. కావలి సోదరులు ఆ పనికి వెన్నెముకగా నిలిచారు. మెకంజీ చాలా వరకు సొంత డబ్బే ఖర్చుపెట్టాడు. 1821లో ఆయన చనిపోయాక ఆ సేకరణను కుంఫిణీ 10,000 పౌండ్లకు కొన్నది. పక్కనే కడపలో సి.పి. బ్రౌన్ కూడా పండితులకు జీతాలిచ్చి, అప్పులు చేసి తెలుగు ప్రతులు రాయించాడు. ఇద్దరూ మహానుభావులే. కానీ వాళ్ల శ్రమ మన దాకా వచ్చిందంటే, తర్వాత ఒక సంస్థ ఆ ప్రతులను తీసుకుని ఏటా బడ్జెట్ కేటాయించడం వల్లే. 1869లో మొదలైన మద్రాసు ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఆ బాధ్యత మోసింది. ఒక వ్యక్తి అభిమానం ఆ వ్యక్తితోనే ఆగిపోతుంది. దాన్ని అందుకునే చెయ్యి ముందే ఉండాలి.

ఉయ్యాలవాడ నరసింహారెడ్డి చరిత్ర ఈ ప్రాంతానికి ప్రాణప్రదం. నెలకు 11 రూపాయల చిల్లర తవర్జీ (పెన్షను) దగ్గర మొదలైన తగవు, 1846లో కోయిలకుంట్ల ఖజానాపై దాడి దాకా వెళ్లింది. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ను అక్కడే ఉరితీశారు. ఆ వీరుణ్ని జనం పాటల్లో నిలుపుకున్నారు. తేదీలు, ఉత్తరప్రత్యుత్తరాలు మాత్రం కుంఫిణీ దస్త్రాల్లో నిలిచాయి. కుంఫిణీకి ఆయనపై ప్రేమ లేదు. ఖజానా, శిస్తు, శాంతిభద్రతల లెక్క కావాలి, అంతే. ఆ అవసరమే చరిత్రకారుడికి ఆధారాన్ని మిగిల్చింది.

1858లో మద్రాసు రాజధానిలో ఏర్పడిన ఇనాం కమిషన్ కూడా అలాంటిదే. ఒక్కొక్క మాన్యాన్నీ విచారించి, టైటిల్ డీడ్ నంబరు ఇచ్చి, రిజిస్టరులో ఎక్కించింది. దేవుడి మాన్యం మీద తగాదా వస్తే ఈనాటికీ వకీళ్లు ముందు వెతికేది ఆ ఇనాం ఫెయిర్ రిజిస్టరునే. భూమికి విలువ ఉన్నంత కాలం ఆ పుస్తకాన్ని పారేసే ధైర్యం ఎవరికీ ఉండదు.

ఈసీ నిలిచింది, పుస్తకం జారింది

1998లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ శాఖ ‘కార్డ్’ పేరుతో కంప్యూటర్ల వ్యవస్థ తెచ్చింది. ఈ రోజు నంద్యాలలో స్థలం కొనాలంటే, ఆళ్లగడ్డలో ఇంటి మీద బ్యాంకు అప్పు తేవాలంటే మొదట అడిగేది ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్). సర్వే నంబరు చెప్పి రుసుము కడితే, 1983 నుంచి ఆ ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు, దానపత్రాలు వరుసగా వస్తాయి. అంతకు ముందువి కావాలంటే పాత పుస్తకాలు తిరగేయాల్సిందే. స్టాంపు సుంకం రాష్ట్రానికి పెద్ద రాబడి. అడిగేవాడు రోజూ ఉన్నాడు, కట్టేవాడు రోజూ ఉన్నాడు. అందుకే యంత్రాలు మారినా, సాఫ్ట్‌వేర్లు మారినా ఆ సమాచారం కొత్త వ్యవస్థలోకి తరలుతూనే ఉంది. 2015లో వచ్చిన భూరికార్డుల పోర్టల్ మీభూమిలోని అడంగళ్లు, 1-బిలకూ ఉన్న బలం అదే.

ఇక పుస్తకాల సంగతి చూడండి. ఆచార్య రాజ్ రెడ్డి చొరవతో నడిచిన మిలియన్ బుక్స్ ప్రాజెక్టులో భాగంగా ‘డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా’ వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేసింది. ఎక్కడా దొరకని పుస్తకాలు ఇంట్లో కూర్చుని చదువుకునే రోజు వచ్చింది. స్కానింగుకు నిధులు దొరికాయి. ఆ పుస్తకాలను ఏళ్ల తరబడి నిలిపి ఉంచే ఆదాయం మాత్రం దానికి ఏర్పడలేదు. దానికి తోడు కాపీరైటు చిక్కులు వచ్చాయి. 2017 నాటికి ఆ సైటు మూతపడింది. ఆ పుస్తకాలు మనకు ఇంకా దొరుకుతున్నాయంటే, అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ప్రతులు ఉండబట్టే. ఆ సంస్థ నడిచేది ఎక్కువగా విరాళాలతో. మన తాతల పుస్తకాల అద్దె ఎవరో కడుతున్నారు.

ఈ సమస్య మన ఒక్కరిదే కాదు. అమెరికా, బ్రిటన్ సంస్థల అండతో 2007లో ఏర్పడిన ఒక నిపుణుల బృందం, డిజిటల్ భద్రతకు ఆర్థిక పునాది ఏమిటన్న ప్రశ్న మీదే పనిచేసి 2010లో నివేదిక ఇచ్చింది. సారాంశం ఇది: ఖర్చు ఇప్పటివాళ్లది, లాభం రేపటివాళ్లది. దాచగలిగినవాడు ఒకడు, అవసరపడేవాడు మరొకడు. ఎవరో ఒకరు దాస్తారులే అని అందరూ చేతులు ముడుచుకుంటారు. అదే కాలంలో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఒకసారి డబ్బు కడితే ఎప్పటికీ దాచిపెట్టే పద్ధతిని ప్రతిపాదించారు. నిల్వ ఖర్చు ఏటేటా తగ్గుతుందన్న లెక్క మీద అది ఆధారపడింది. 2011లో థాయిలాండ్ వరదలకు ఫ్యాక్టరీలు మునిగి హార్డ్ డిస్కుల ధరలు ఎగబాకి, ఆ లెక్క తప్పింది. అఖండదీపపు మందకు పెట్టిన లెక్క అంతకన్నా గట్టిది. అది ధర తగ్గుతుందన్న ఆశ మీద నిలవలేదు, ఏటా వచ్చే రాబడి మీద నిలిచింది.

స్టాన్‌ఫర్డ్‌లో 1999లో మొదలైన ‘లాక్స్’ మరో పాఠం నేర్పింది. ఒకే ప్రతిని ఒకేచోట పదిలంగా దాచేకన్నా, పలు గ్రంథాలయాలు తలా ఒక ప్రతి ఉంచుకుని ఒకదానితో ఒకటి సరిచూసుకోవాలన్నది. 2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి కర్నూలు నగరం మునిగిన రోజులు చూసినవాళ్లకు దీన్ని వివరించనక్కర్లేదు.

ఎనిమిది పైసల్లోంచి

ఈసీని కాపాడటానికి ప్రభుత్వం ఉంది. మరి ఆళ్లగడ్డ శిల్పుల ఇళ్లల్లోని పాత గీతలు, కొలతలు, చెక్కిన విగ్రహాల ఫోటోలు? స్థానిక కేబుల్ చానెళ్ల టేపులు? ఊళ్లల్లో ముసలివాళ్లు పాడిన నరసింహారెడ్డి పాటల రికార్డింగులు? పెళ్లి వీడియో అయినా అంతే. అప్పగించాక కొంతకాలం ఉంచి, కొత్త పనికి చోటు కోసం చెరిపేయడం స్టూడియోల్లో మామూలే. వాటికి రోజూ వచ్చి అడిగి, రుసుము కట్టేవాడు లేడు. అడిగేవాడు పుట్టేసరికి అవి ఉండవు.

డబ్బు లేదనడం సరికాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటిపన్ను కట్టే ప్రతివాడూ రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాడు. 1960 నాటి చట్టం వేసిన ఆ పునాదిలోంచి కొంత భాగాన్ని స్థానిక డిజిటల్ నిధికి విడిగా కేటాయించవచ్చు. దాన్ని ఖర్చు చేసేయకుండా మూలధనంగా ఉంచి, వడ్డీతో ఏటా ప్రతులు సరిచూడాలి, పాతబడిన డిస్కులు మార్చాలి. నంద్యాలలో ఒక ప్రతి, రాష్ట్రంలో మరోచోట ఒకటి, రాష్ట్రం బయట ఒకటి ఉండాలి. ఎవరు బాధ్యులో పేరుతో సహా అందరికీ తెలియాలి. శిల్పులు తమ నమూనాలను ఇస్తే, వాటిని చూసి వచ్చే పనుల్లో లాభం వాళ్లదే అయ్యేలా నియమం పెట్టాలి. ఇచ్చినవాడికి లాభం ఉంటేనే ఇంకొకరు ముందుకొస్తారు. గుళ్లకు, కల్యాణమండపాలకు విరాళాలిచ్చే మన దాతలు ఈ నిధికీ తమ పెద్దల పేరు మీద శాశ్వత విరాళం రాయవచ్చు.

2022 ఏప్రిల్ 4న పుట్టిన నంద్యాల జిల్లాకు తన సొంత భాండారాన్ని మొదటి నుంచీ సరిగా కట్టుకునే అవకాశం ఉంది. స్కానింగు యంత్రం కొనే ముందే దాని పోషణకు మాన్యం రాయండి. మాన్యం రాయకుండా మొదలుపెట్టిన ఏ డిజిటల్ భాండారమూ పదేళ్లు దాటుతుందని నమ్మకండి.