ఇంటి వెనక గుంత

2020 ఆగస్టు 14, శుక్రవారం. కరోనా రోజులు. కొల్లాపూర్ నుంచి బండి మీద బయల్దేరిన మీరు వనపర్తి జిల్లా రేవల్లి మండలం నాగాపూర్‌కి చేరేసరికి ఒక ఇంటి ముందు జనం మూగి ఉన్నారు. మాస్కుల మీదుగా కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు.

ఆ ఇంట్లో నలుగురు చనిపోయారు. అమ్మమ్మ, కూతురు, అల్లుడు, పదేళ్ల పాప. తలా ఒకచోట పడి ఉన్నారు.

ఇంటి వెనక్కి రండి. అక్కడ తవ్విన గుంత, కొబ్బరికాయ, నిమ్మకాయలు. ఆ నిమ్మకాయ మనకు కొత్తదేం కాదు. గడపకు కట్టేదీ, కొత్త బండి చక్రం కింద పెట్టి తొక్కించేదీ అదే. ఈ పొద్దు మాత్రం దాన్ని ముట్టుకోవాలంటే చెయ్యి రాదు.

"గుప్తనిధి కోసం పూజ చేసిన్రంట." జనంలో ఆ మాట పుడుతుంది, తలలు ఊగుతాయి. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ 'అంట'. చనిపోయినవాళ్ల మీదికే తప్పు నెట్టి, చంపినవాళ్లున్నారా అన్న ప్రశ్నను అది అక్కడే పాతేస్తుంది.

ఈ నేల మీద నిధి మాట నమ్మించడం సులువు. కొల్లాపూర్‌ను ఏలిన సురభి రాజుల సంస్థానం ఇక్కడిదే. శ్రీశైలం ప్రాజెక్టు కింద ఊళ్లు మునిగాయి, సోమశిల, జటప్రోలు గుళ్లను ఊడదీసి పైకి తెచ్చి కట్టారు. రాళ్ల కింద ఏదో ఉందన్న ఆశ ఇంటింటా ఉంది. అప్పుల్లో ఉన్నవాడికి ఆ ఆశ ఇంకా ఎక్కువ.

పోలీసు కాగితం మీద ఇది 'అనుమానాస్పద మృతి'. పంచనామా, పోస్ట్‌మార్టం, ల్యాబ్. గన్నేరు పప్పో, ఉమ్మెత్త గింజో లోపలికి పోతే ఒంటి మీద దెబ్బ కనిపించదు. ల్యాబే చెప్పాలి.

2023 డిసెంబరుకు రండి. వనపర్తి వైపు రియల్ ఎస్టేట్ వ్యాపారి ఒకాయన అంతకుముందే ఇంటి నుంచి వెళ్లి తిరిగి రాలేదు. ఆయన భార్య ఊరుకోలేదు, ఫిర్యాదు చేసింది. ఆ తీగ లాగితే నాగర్‌కర్నూల్‌లో ఒక మనిషి దొరికాడు. నిధులు తీసిస్తానని డబ్బూ ప్లాట్లూ రాయించుకుని, తీర్థమని విషం తాగించి 11 మందిని చంపాడని పోలీసులు ప్రకటించారు. నాగాపూర్ నలుగురూ ఆ లెక్కలోనే ఉన్నారు. నేరం తేల్చాల్సింది కోర్టు.

నాగాపూర్ నుంచి ఆ ప్రకటన దాకా మూడేళ్ల నాలుగు నెలలు.

1878 నాటి చట్టం ప్రకారం భూమిలో పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. రాత్రిపూట గుంత తవ్వించి తీర్థం చేతిలో పెట్టేవాడు మీ గడప తొక్కితే తాగకండి, 112కు ఫోన్ చేయండి. పక్కింట్లో అనుమానంగా ఎవరైనా చనిపోతే 'అంట' అనకండి. కళ్లతో చూసింది చూసినట్టు పోలీసులకు చెప్పండి.