నీటి గుఱ్ఱములు

మానవుడు గుఱ్ఱమును మచ్చిక చేసికొని కొన్ని వేల యేండ్లయినది. అయినను దానియెడ గల భయము అతని మనస్సును పూర్తిగా వీడలేదు. రౌతును మోయు జంతువే వానిని పడద్రోసి చంపగలదు. ఈ రెండు గుణముల కలయిక వలననే కాబోలు, పలుదేశముల వాఙ్మయములలో ఘోరాశ్వముల గాథలు కనబడుచున్నవి. గ్రీకుల పురాణమున డయోమిడీసు అను రాజుయొక్క ఆడుగుఱ్ఱములు నరమాంసమును తినెడివి. వానిని పట్టి తెచ్చుట హెరాక్లీసు వీరునకు విధింపబడిన పండ్రెండు కార్యములలో నొకటి. మన భాగవత దశమస్కంధమున కేశి యను దైత్యుడు కంసుని పంపున అశ్వరూపమున వచ్చి, బాలకృష్ణుని చేతిని నోట గఱవబోయి మడిసినాడు.

ఇట్టి గాథల నాధారము చేసికొని 2011లో మ్యాగీ స్టీఫ్‌వాటర్ అను అమెరికా దేశపు రచయిత్రి ‘ది స్కార్పియో రేసెస్’ అను నవలను ఆంగ్లమున ప్రకటించినది. యౌవనమున అడుగిడు బాలబాలికల కుద్దేశింపబడిన యీ గ్రంథమునకు 2012లో ప్రింట్జ్ గౌరవము లభించినది. థిస్బీ అను కల్పిత ద్వీపమున ప్రతి యేటను సముద్రమునుండి మాంసాహారులైన గుఱ్ఱములు వెలువడును. ద్వీపవాసులు వానిని పట్టి, నవంబరు మాసమున ఇసుకతిన్నెలపై పందెములు నడుపుదురు. ఆ పందెమున ఏటేట కొందఱు మరణింతురు. ఆ గుఱ్ఱములవలననే తలిదండ్రులను కోలుపోయిన పక్ అను బాలిక తన సామాన్యమైన ఆడుగుఱ్ఱము నెక్కి పందెమునకు దిగును. ఆమె పూనికకు మొదటి కారణము ధనము కాదు. అన్న ద్వీపమును విడిచి పెద్దనేలకు పోవుదునని చెప్పగా, వానిని కొన్నాళ్లైన నిలుపవలెనని ఆమె తలంపు. ఇల్లు చేజాఱు ప్రమాదము తరువాత తెలియవచ్చును. పందెపు ఫలితమును చదువరులే తెలిసికొందురు గాక.

ఈ గుఱ్ఱములు రచయిత్రి కేవల కల్పనలు కావు. స్కాట్లండు ఉన్నత భూములలోను, ఐర్లండులోను, మాన్ ద్వీపములోను నీటిగుఱ్ఱమును గూర్చిన కథలు తరతరములుగా చెప్పుకొనబడినవి. స్కాట్లండులో ఏఱులయందు తిరుగుదానిని కెల్పీ యనియు, సముద్రమునను కొండసరస్సులయందును ఉండు మఱింత క్రూరమైనదానిని ఎఖ్-ఉష్కె యనియు అందురు. అది చక్కని గుఱ్ఱమువలె గట్టున మేయుచుండును. పిల్లలు దాని వీపు నెక్కినంతనే వారి చేతులు చర్మమున కంటుకొనిపోవును. అంతట అది నీట మునిగి వారిని భక్షించును. కాలేయము మాత్రము ఒడ్డునకు తేలునని చెప్పుదురు. 1860 మొదలు 1862 వఱకు జె. ఎఫ్. క్యాంబెల్ ప్రకటించిన పశ్చిమోన్నతభూముల జానపదకథా సంపుటములలో నీటిగుఱ్ఱమునకును చోటు కలదు. లోతైన చల్లని సరస్సుల చెంతకు పిల్లలు ఒంటరిగా పోకుండుటకు ఇంతకంటె బలమైన హెచ్చరిక యేమి కలదు? నేడు ఫాల్కిర్క్ పట్టణము చెంత, 2013లో నిర్మాణము ముగిసిన రెండు ఉక్కు గుఱ్ఱపు తలలు సుమారు 30 మీటర్ల యెత్తున కెల్పీల పేరనే నిలిచియున్నవి.

సముద్రమునకును గుఱ్ఱమునకును గల సంబంధము మనకు క్రొత్త కాదు. ఉచ్చైఃశ్రవము క్షీరసాగర మథనమున పుట్టినది. దాని తోక వర్ణమును గూర్చి కద్రువ వినతలు పన్నిన పందెమున, సర్పములు తోకకు వ్రేలాడి దానిని నల్లగా చూపుటచే వినత దాసి యయినది. అన్నిటికంటె గంభీరమైనది ఆదిపర్వములోని ఔర్వుని కథ. కృతవీర్యుని వంశపు క్షత్రియులు భృగువంశీయులను గర్భస్థ శిశువులతో సహా చంపుచుండగా, ఒక తల్లి తన గర్భమును తొడయందు దాచినది. ఆ తొడనుండి పుట్టిన ఔర్వుడు లోకములనెల్ల దహింప బూనెను. పితృదేవతలు వచ్చి వలదని వారింప, అతడు తన కోపాగ్నిని సముద్రమున విడిచెను. అది గుఱ్ఱపు ముఖమును దాల్చి నీటిని త్రాగుచుండునట. మనము బడబానల మనునది ఇదియే. పడమటి కథలో నీటిగుఱ్ఱము ఒడ్డునకు వచ్చి మనుష్యుని మ్రింగును. మన కథలో మనుష్యుని క్రోధమే గుఱ్ఱమై నీటియందు బంధింపబడినది. తండ్రిని చంపినవారిపై పగబూనిన పరాశరునకు వసిష్ఠుడు ఈ కథ చెప్పుటలోని యౌచిత్యమును పాఠకులు గమనింతురు గాక.

చరిత్రలోను మన రాజులకు మేలుజాతి గుఱ్ఱములు సముద్రము మీదనే వచ్చెడివి. సాళువ నరసింహుడు ఓడలో చచ్చిన గుఱ్ఱమునకు తోకను తెచ్చి చూపినను వెల నిచ్చెనని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసియున్నాడు. గుఱ్ఱములను తెచ్చు దూరదేశపు వర్తకులను ఆదరింపవలెననియు, లేకున్న ఆ గుఱ్ఱములు శత్రువుల పాలగుననియు కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతి చెప్పినాడు. శ్రీరంగమున శేషగిరిరాయ మంటపపు స్తంభములపై ముంగాళ్లెత్తి నిలిచిన గుఱ్ఱములను చూచినవారికి ఆ కాలపు అశ్వ వైభవము బోధపడును.

మన పిల్లలు తమిళమునో, కన్నడమునో, ఒడియానో, మరాఠీనో, ఆంగ్లమునో చదువుచున్నారు. ఇట్టి నవలలు వారి చేతికి తప్పక వచ్చును, రావలసినదే. ఇల్లు నిలుపుకొనుటకు ఒక చెల్లెలు పడిన పాటు, పొట్టకూటికై ఊరు విడిచి నాలుగు దిక్కులకు పోవు సంతానము గల మన కుటుంబములకు సుబోధము. కాని ఆ పుస్తకము మూసిన రాత్రి, ఔర్వుని కథను తెనుగున చెప్పగల పెద్ద యొకరు ఆ యింట నుండవలెను. లిపి రాని బిడ్డకును చెవి యున్నది. చెప్పెడి నోరు మూతపడిననాడు మాత్రమే కథ పోవును.