టాపు లేని జీపు, సంతకం పెట్టిన కాగితం

మా అబ్బాయికి టాపు లేని బండి కొనాలన్న కోరిక పుట్టి రెండేళ్ళయింది. విదేశాలలో కుర్రవాళ్ళు ఇద్దరే కూర్చునే, పైకప్పు మడిచిపెట్టుకునే స్పోర్ట్స్ కార్లను పాతవి చూసి చవకగా కొనుక్కుంటారు. ఆంగ్లేయుల ఎంజీ, ట్రయంఫ్ బండ్లూ, 1989లో జపానువారు తెచ్చిన మజ్దా ఎమ్మెక్స్-5 అందుకు పేరుపడినవి. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో సామాన్యుడికి ఆ కోరిక తీర్చే బండి పాత జీపు ఒక్కటే. ఆ పనిమీద వాడితో కలిసి ఐదుగురు పాతబండ్ల వ్యాపారుల దగ్గరకు తిరిగాను. వారిచ్చిన సలహాలు వింటూంటే ఇవి కొత్త మాటలు కావనీ, వీటికి ఒక చరిత్ర ఉన్నదనీ అనిపించింది. ఆ చరిత్రలో మా ఇంటి నష్టం కూడా ఒకటి కలిసి ఉన్నది. అందుకే ఈ వ్యాసం.

ముందుగా బండి సంగతి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో, 1941-45 మధ్య, అమెరికాలో విల్లీస్, ఫోర్డు కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. యుద్ధం ముగిశాక, 1940ల చివరినుండి మహీంద్రావారు బొంబాయిలో విల్లీస్ జీపులను బిగించి అమ్మసాగారు. మా ప్రాంతంవారికి జీపు పరిచయమైనది మాత్రం కొనుగోలు ద్వారా కాదు. 1948 సెప్టెంబరు 13న మొదలైన పోలీసుచర్యలో బెజవాడ దారివెంట వచ్చిన భారతసేన సూర్యాపేట మీదుగా సాగింది. ఆ తరువాత సాయుధపోరాటాన్ని అణచడానికి 1951 దాకా సేనలు ఈ పల్లెలలోనే ఉన్నాయి. దుమ్ము లేపుకుంటూ జీపు వస్తే ఊరు ఖాళీ అయ్యేదని మా తాత చెప్పేవారు. తరువాత అదే జీపు సర్కారు అధికారులదైంది, ఎన్నికల ప్రచారానిదైంది. 1980, 90లలో దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి దారులలో బస్సు రాని ఊళ్ళకు అదే బస్సు. లోపల పదిహేనుమంది, వెనుక వేలాడుతూ నలుగురు.

ఈ వరుస చెప్పడానికి కారణం ఉన్నది. మా దగ్గర జీపు మొదట అధికారం, తరువాత కష్టం, ఈ మధ్యనే వినోదం. కాబట్టి ఇవాళ అన్నిటికంటే చవకగా దొరికే జీపు, చాలావరకు, అన్నిటికంటే ఎక్కువ బరువు మోసిన జీపే.

ఇక సలహాలు. మొదటిది అందరూ చెప్పినదే: "మన దిక్కు వానలెక్కడివి సార్, తుప్పు రానే రాదు." ఇది సగం నిజం. సముద్రపు ఉప్పుగాలి తగిలే విశాఖ బండితో పోలిస్తే మెట్టప్రాంతపు బండి ఇనుము ఎక్కువకాలం నిలుస్తుంది. అయితే టాపు లేని బండిలో పడిన నాలుగు వానలూ కాళ్ళకింది మ్యాట్ అడుగున చేరి అక్కడే ఉంటాయి. మా ఎండ కాన్వాసునూ, రబ్బరునూ, వైర్ల మీది తొడుగునూ పెళుసు చేస్తుంది. వ్యాపారి తలుపు మీది రంగు చూపుతాడు. చూడవలసినది మ్యాట్ ఎత్తి నేల, బండి కింద పడుకుని ఛాసిస్.

రెండవ సలహా: "టాపున్న బండి అగ్గువకు దొరుకుతది, తీసుకొని టాపు కోయించుండ్రి." జీపుకు బలం ఛాసిస్‌లో ఉంటుందన్నమాట నిజమే. బోల్తాపడినప్పుడు తలను కాచేది మాత్రం పైకప్పే. పైగా 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు చెప్పినదానికి భిన్నమయ్యేలా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతినే గట్టిగా చెప్పింది. కోయించిన బండికి ప్రమాదం జరిగితే బీమా కంపెనీ అభ్యంతరం చెప్పడానికి మనమే దారి చూపినట్లవుతుంది.

మూడవ సలహా నాకు బాగా తెలిసినది. "ట్రాన్స్‌ఫర్ తొందరేమున్నది సార్, ఓనర్ సంతకాలు పెట్టిన 29, 30 ఫారాలు ఇస్తున్న గదా, ఎప్పుడన్న చేయించుకోండ్రి."

మా పెద్దనాయిన 1996లో తన జీపును ఇటువంటి మాట విని ఒక వ్యాపారికి అమ్మారు. ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి, డబ్బు లెక్కపెట్టుకుని, నిశ్చింతగా ఇంటికి వచ్చారు. ఆ కాగితాలు బండితోపాటు ఎన్ని చేతులు మారాయో తెలియదు, కార్యాలయానికి మాత్రం చేరలేదు. మూడేళ్ళకు ప్రమాద పరిహారాల ట్రిబ్యునల్ నుండి నోటీసు వచ్చింది. ఆ జీపు కింద పడి సైకిలు మీద పోతున్న ఒక మనిషి చనిపోయాడు. బండికి బీమా లేదు. ఆర్సీలో పేరు మా పెద్దనాయినదే. రెండెకరాల చెలక అమ్మి కట్టారు. "బండి నాది గాదు" అని ఆయన చెప్పిన మాట నిజమే, కాని చట్టం అడిగిన నిజం అది కాదు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక కేసులో ఈ నియమాన్నే స్పష్టంగా చెప్పింది: బండి ఎన్ని చేతులు మారినా, ఆర్సీలో ఎవరి పేరున్నదో పరిహారానికి వారే యజమాని.

ఆయనను ముంచిన సలహాలో అబద్ధం ఒక్కటి కూడా లేదన్నది గమనించాలి. ఫారాలు నిజమైనవే, సంతకాలు నిజమైనవే. ఆ సలహా తప్పయితే చెప్పినవాడికి ఒక్క రూపాయి నష్టం లేదు. చిక్కంతా అక్కడే ఉన్నది.

1970లో అమెరికా ఆర్థికవేత్త జార్జి అకెర్లాఫ్ పాతకార్ల వ్యాపారం గురించే ఒక వ్యాసం రాశారు. మంచి బండికీ చెడ్డ బండికీ తేడా అమ్మేవాడికే తెలిసి కొనేవాడికి తెలియకపోతే, కొనేవాడు మంచిదానికీ తక్కువ ధరే చెబుతాడు, దానితో మంచి బండ్లు అంగడి విడిచిపోతాయి అని అందులోని సారాంశం. 2001లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈ సంగతి మన పశువుల అంగళ్ళవారికి ఏనాడో తెలుసు. ఎద్దుకు కొమ్ములు చెక్కించి నూనె రాసి మారుబేరగాడు ఎంత పొగిడినా, కొనే రైతు ముందుగా నోరు తెరిచి పళ్ళు చూస్తాడు. రెండు వేసిందా, నాలుగా, కడపళ్ళు వచ్చాయా? కిలోమీటర్ల మీటరును వెనక్కు తిప్పవచ్చును, పళ్ళను తిప్పలేరు. తరువాత బండికి కట్టి నడిపిస్తాడు. చివరకు తెలిసినవాడిని పూచీ పడమంటాడు. మారుబేరగాడి మాటను పూర్తిగా నమ్మడు, పూర్తిగా తోసిపుచ్చడు. ఆ మాటకు జామీను అడుగుతాడు.

బండ్ల చట్టానికి ఈ ఇంగితం ఆలస్యంగా కలిగింది. 1939 చట్టంలోనూ, 1988 చట్టంలోనూ అమ్మేవాడు, కొనేవాడు అన్న ఇద్దరికే ప్రధానంగా బాధ్యత. మధ్యనున్న పాతబండ్ల వ్యాపారి దాదాపు కనపడని మనిషి. 2022 డిసెంబరులో వెలువడి 2023 ఏప్రిల్ 1 నుండి అమలైన నియమాలు అతడిని మొదటిసారి వెలుగులోకి తెచ్చాయి. వ్యాపారి రవాణాశాఖ నుండి అధికారపత్రం తీసుకోవాలి. యజమాని బండిని అప్పగించిన సంగతి శాఖకు తెలపాలి. అప్పటినుండి ఆ బండికి వ్యాపారే జవాబుదారీ. ఈ నియమం 1996లో ఉంటే మా చెలక మాకుండేది.

మేము తిరిగిన ఐదుగురిలో ఆ పత్రం అడిగితే చూపినవాడు ఒక్కడే. అతడి దగ్గర మా అబ్బాయి మనసుపడిన జీపు ఒకటి ఉన్నది. వ్యాపారి తానే బండి కింద టార్చి వేసి, ఛాసిస్‌కు వెల్డింగ్ చేసిన చోటు చూపించాడు. "ఇది తీసుకోకుండ్రి బాబూ, శ్రీశైలం ఘాటు ఎక్కలేదు" అన్నాడు. విన్న సలహాలన్నిటిలో నేను పూర్తిగా నమ్మినది అదొక్కటే, ఎందుకంటే దానివల్ల నష్టపోయినది చెప్పినవాడు.

ఆరు నెలల తరువాత అతడే ఫోను చేశాడు. టాపు కోయనిది, కంపెనీనుండి కాన్వాసుతోనే వచ్చిన బండి. పాత యజమానినీ, వ్యాపారినీ వెంటబెట్టుకుని మొదట రవాణాశాఖ కార్యాలయానికి వెళ్ళాము, పేరు మారాకనే తాళం తీసుకున్నాము. మా అబ్బాయికి అది చాదస్తంగా తోచింది. తిరుగుదారిలో వాడిని ఒకప్పటి మా చెలక పక్కనుండి తీసుకువచ్చాను. ఇప్పుడక్కడ ఎవరిదో బత్తాయి తోట.