పర్యావరణ న్యాయోద్యమంలో అమెరికా విద్యార్థులు

1970 ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని శాన్‌హోసే స్టేట్ కళాశాల విద్యార్థులు డబ్బు పోగుచేసి ఒక కొత్త ఫోర్డ్ మావెరిక్ కారు కొన్నారు. దానిని ఊరేగించి, కళాశాల ఆవరణలో గొయ్యి తవ్వి పాతిపెట్టారు. మోటారు వాహనాల వల్ల గాలి పాడవుతున్నదని లోకానికి చాటడం వారి ఉద్దేశం. అయితే నల్లజాతి విద్యార్థి సంఘం వారు అక్కడే నిలబడి దీనిని ఆక్షేపించారు. ఆ సొమ్ము పట్టణంలోని పేదవాడల అవసరాలకు వినియోగించవచ్చు గదా అన్నది వారి వాదన. రెండు నెలల తరువాత, ఏప్రిల్ 22న, అమెరికాలో మొదటి ధరిత్రీ దినం జరిగింది. ఆ రోజుల గురించి రాసేవారు కారును పాతిపెట్టిన ముచ్చట తరచుగా చెబుతారు. ఆక్షేపించినవారి మాట మాత్రం అందులో ఒక వాక్యంతో సరిపోతుంది. నా దృష్టిలో ఈ చరిత్ర మొదలుపెట్టవలసింది ఆ వాక్యంతోనే.

మరుసటి నెలలో మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఇంతకంటె పెద్ద సన్నివేశం జరిగింది. మార్చి 11 నుంచి 14 వరకు ఆన్ ఆర్బర్‌లో విద్యార్థులు పర్యావరణంపై బ్రహ్మాండమైన సదస్సు నిర్వహించారు. ప్రారంభసభకే వేలమంది వచ్చారు. అది ముగిసిన కొద్ది రోజులకే ‘బ్లాక్ యాక్షన్ మూవ్‌మెంట్’ పేరుతో నల్లజాతి విద్యార్థులు సమ్మెకు దిగారు. విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థుల సంఖ్యను 10 శాతానికి పెంచాలన్నది వారి ప్రధానమైన కోరిక. తరగతులు స్తంభించిపోయాక పాలకవర్గం ఆ లక్ష్యానికి ఒప్పుకున్నది. అయితే అనుకున్న గడువుకు అది నెరవేరలేదు. ఒకే ఆవరణ, ఒకే నెల. అయినా గాలి గురించి, నీటి గురించి మాట్లాడిన సభ ఒకటి, బడిలో చోటు గురించి జరిగిన పోరాటం మరొకటి. ఈ రెండూ ఒకే ప్రశ్నకు రెండు ముఖాలని చెప్పగల భాష అప్పటికి తయారు కాలేదు.

ఆ భాష తయారైన చోట్లలో టెక్సస్ రాష్ట్రంలోని హ్యూస్టన్ ముఖ్యమైనది. నల్లజాతి వారి విద్య కోసం ఏర్పడిన టెక్సస్ సదరన్ విశ్వవిద్యాలయం ఆ నగరంలోనే ఉంది. 1967 మే నెలలో ఆ విద్యార్థుల నిరసనలకు గల కారణాలలో సన్నీసైడ్ అనే నల్లజాతి వాడలోని చెత్తకుప్ప ఒకటి. అక్కడ నిలిచిన నీటిలో మునిగి ఒక పసిప్రాణం పోయింది. నిరసనలు పోలీసులతో ఘర్షణకు దారితీశాయి. ఒక పోలీసు అధికారి మరణించాడు. వసతి గృహాల మీద వేల తూటాలు కురిశాయి. 488 మంది విద్యార్థులను అరెస్టు చేశారు. పర్యావరణ న్యాయం అన్న మాట అప్పటికింకా పుట్టలేదు గనుక, పత్రికలకు అది వట్టి ‘అల్లరి’గానే కనిపించింది.

పన్నెండేళ్ల తరువాత అదే విశ్వవిద్యాలయపు విద్యార్థులు మరోసారి చెత్త వెంట పడ్డారు. ఈసారి చేతిలో నోటుపుస్తకాలున్నాయి. నగరంలోని నార్త్‌వుడ్ మానర్ అనే పేటలో నల్లజాతి మధ్యతరగతి కుటుంబాలు సొంత ఇళ్లు కట్టుకున్నాయి. ఆ ఇళ్ల పక్కన చెత్త పూడ్చే స్థలం పెట్టబోతున్నారని తెలిసి నివాసులు 1979లో కోర్టుకెక్కారు. న్యాయవాది లిండా మెకీవర్ బుల్లార్డ్. ఆమె భర్త రాబర్ట్ బుల్లార్డ్ టెక్సస్ సదరన్‌లో సమాజశాస్త్రం బోధించేవాడు. నగరంలో చెత్త ఎక్కడెక్కడికి పోతున్నదో తేల్చే పనిని ఆయన తన విద్యార్థులతో కలిసి చేపట్టాడు. కంప్యూటరు పటాలు లేని కాలం అది. పురపాలక దస్త్రాలు తిరగవేయాలి, పాతకాపులను అడగాలి, స్వయంగా వెళ్లి చూడాలి. హ్యూస్టన్ చదునైన నేల గనుక ఎక్కడైనా గుట్ట కనిపిస్తే అది పాత చెత్తగుట్ట కావచ్చునన్న అనుమానం కూడా ఒక పనిముట్టే అయింది!

లెక్క తేలింది. 1930ల నాటి నుంచి 1978 వరకు చూస్తే, నగరపాలక సంస్థ సొంతంగా నడిపిన చెత్త పూడ్చే స్థలాలు 5. అయిదూ నల్లజాతి వాడలలోనే. నగరపాలక సంస్థవే చెత్త కాల్చే బట్టీలు 8. వాటిలో 6 అక్కడే. ప్రైవేటు వారి పూడ్చే స్థలాలు 4. అందులో 3 అక్కడే. నగర జనాభాలో నల్లజాతివారు నాలుగో వంతు మాత్రమే. ఇంత పట్టిక ముందున్నా, ఉద్దేశపూర్వకమైన వివక్ష రుజువు కాలేదన్న కారణంతో కోర్టు ఆ పనిని ఆపలేదు. 1985లో కేసు పూర్తిగా ఓడిపోయింది. చెత్త అక్కడికే వచ్చింది. పౌరహక్కుల చట్టాల ఆధారంగా చెత్త స్థలాన్ని సవాలు చేసిన మొదటి దావాగా మాత్రం అది నిలిచింది. ఓడిన దావా నుంచి ఒక విద్యాశాఖ పుట్టడం అరుదైన సంగతి.

తరువాతి ఘట్టాలు చాలామందికి తెలిసినవే. 1982లో నార్త్ కరోలినా రాష్ట్రం వారెన్ కౌంటీలో విషపూరితమైన మట్టిని తెచ్చి పోయడాన్ని అడ్డుకుంటూ 500 మందికి పైగా అరెస్టయ్యారు. విషవ్యర్థాల స్థలాలు ఎక్కడుంటాయన్నది నిర్ణయించడంలో జాతి అన్నిటికంటె బలమైన అంశమని 1987లో యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ నివేదిక గణాంకాలతో చూపింది.

1988లో అదే నార్త్ కరోలినాలో, చాపెల్ హిల్ విశ్వవిద్యాలయంలో, కొద్దిమంది విద్యార్థులు గ్రీన్‌పీస్ పత్రికలో ఒక ప్రకటన ఇచ్చి దేశంలోని ఇతర విద్యార్థులను పిలిచారు. ‘స్టూడెంట్ ఎన్విరాన్‌మెంటల్ యాక్షన్ కొయిలిషన్’ అలా పుట్టింది. 1989 అక్టోబరులో చాపెల్ హిల్‌లో జరిపిన సమావేశానికి సుమారు 1,700 మంది, మరుసటి ఏడాది ఇల్లినాయ్‌లో జరిపిన దానికి 7,000 మందికి పైగా హాజరయ్యారు. సంఖ్య పెరిగింది గాని ముఖాలు చాలావరకు తెల్లవే.

1990 మార్చిలో ఆల్బుకర్కీలోని సౌత్‌వెస్ట్ ఆర్గనైజింగ్ ప్రాజెక్ట్ వందమందికి పైగా సంతకాలతో పది పెద్ద పర్యావరణ సంస్థలకు బహిరంగ లేఖ రాసింది. మా ప్రాంతాల గురించి మీరు నిర్ణయాలు చేస్తున్నారు, ఆ నిర్ణయాలలో మేము లేము అన్నది దాని సారాంశం. ఆ ప్రశ్న విద్యార్థి సంఘంలోనూ వినిపించింది. శ్వేతేతర విద్యార్థులు అందులో తమ ప్రత్యేక విభాగాన్ని ఏర్పరచుకున్నారు. వారు అడిగింది కేవలం సభ్యత్వం కాదు. అడవులు, తిమింగలాలతోపాటు మురికివాడల సీసపు రంగులు, పొలాల్లో చల్లే పురుగుమందులు కూడా కార్యక్రమంలో ఉండాలన్నారు. క్రమంగా ఆ సంఘం పర్యావరణమంటే మనిషి బతికే భౌతిక, ఆర్థిక, రాజకీయ, సాంస్కృతిక పరిస్థితులన్నీ అని నిర్వచించుకున్నది. సభలోకి పిలవడం వేరు, సభలో ఏం చర్చించాలో నిర్ణయించే చోట కూర్చోబెట్టడం వేరు. తెలుగునాడుకు బయట పెరిగిన మన విద్యార్థులకు ఈ తేడాను విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక్కడ మాటల గురించి ఒక మాట. ‘పీపుల్ ఆఫ్ కలర్’ అన్నదానికి తెలుగులో సరైన పదం దొరకదు. ‘వర్ణజనులు’ అంటే మనకు చాతుర్వర్ణ్యం గుర్తుకొస్తుంది. అందుకే ‘శ్వేతేతరులు’ అని రాశాను. తమను తాము పిలుచుకున్న పేరును ‘కానివారు’గా మార్చడం నాకూ నచ్చలేదు. పర్యావరణం విషయంలో మాత్రం మన మాట ముందే సిద్ధంగా ఉంది. పరి, ఆవరణం: అన్ని వైపుల నుంచీ ఆవరించి ఉన్నది. ఆ విద్యార్థులు వాదించి సాధించుకున్న నిర్వచనం దాదాపుగా ఇదే.

1991 అక్టోబరు 24 నుంచి 27 వరకు వాషింగ్టన్‌లో జరిగిన శ్వేతేతర పర్యావరణ నాయకుల తొలి జాతీయ మహాసభ 17 సూత్రాలను ఆమోదించింది. 1994 ఫిబ్రవరిలో అధ్యక్షుడు క్లింటన్ ప్రభుత్వ శాఖలన్నీ పర్యావరణ న్యాయాన్ని పాటించాలని ఉత్తర్వు జారీ చేశాడు. 2025 జనవరిలో అధ్యక్షుడు ట్రంప్ దానిని రద్దు చేశాడు.

ఈ మధ్యలో మరొక లెక్క జరిగింది. 2014లో డోర్సెటా టేలర్ అనే ఆచార్యురాలు పర్యావరణ సంస్థలలో ఎవరెవరు పనిచేస్తున్నారో పరిశీలించి నివేదిక ఇచ్చారు. దేశ జనాభాలో మూడో వంతుకు పైగా శ్వేతేతరులున్నా, ఆ సంస్థల సిబ్బందిలో వారి వాటా 16 శాతం దాటలేదని తేలింది. టెక్సస్ సదరన్ వంటి విద్యాలయాలకు వెళ్లి ఉద్యోగులను వెతికిన సంస్థలు చాలా తక్కువ. టేలర్ అప్పుడు బోధిస్తున్నది మిషిగన్ విశ్వవిద్యాలయంలో. 1970 మార్చిలో 10 శాతం కోసం సమ్మె జరిగింది అక్కడే.