చలి దేశంలో స్పోర్ట్స్ కారు: టైరు పట్టు ఎందుకు పోతుంది, ఎలా కాపాడుకోవాలి

చికాగో, డెట్రాయిట్, టొరంటో, ఫ్రాంక్‌ఫర్ట్... మనవాళ్లు చదువుకో ఉద్యోగానికో వెళ్లి ఉంటున్న ఊళ్లలో నవంబరు దాటితే రోడ్డు తీరే మారిపోతుంది. ఉద్యోగం రాగానే కుర్రాళ్లు మోజుపడి కొనే కార్లలో సెకండ్ హ్యాండ్ మస్టాంగ్ జీటీ, కమారో, బీఎండబ్ల్యూ ఎం సిరీస్ లాంటివి కూడా ఉంటాయి. ఇంజిన్ గురించి గంటసేపు చెప్తారు, టైరు పక్కన ఏం రాసుందో మాత్రం చూసుండరు. ఒక్కో టైరు రోడ్డుకి ఆనేది దాదాపు అరచేయంత జాగాలోనే. 400కి పైగా హార్స్‌పవర్ ఆ జాగా గుండానే రోడ్డు మీదికి రావాలి, బ్రేక్ వేస్తే కారు ఆగాల్సిందీ దాని మీదే.

ఇలాంటి కార్లకి కంపెనీ చాలాసార్లు సమ్మర్ టైర్లు బిగించి ఇస్తుంది. వేడి రోడ్డు మీద, వాన రోడ్డు మీద వీటికి తిరుగులేదు. రబ్బరు మెత్తగా ఉండి రోడ్డు కంకరలోని ఎగుడుదిగుళ్లలోకి ఒదిగితేనే పట్టు దొరుకుతుంది. సమ్మర్ టైరు రబ్బరు సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కింద, అంటే అమెరికా లెక్కలో 45 ఫారెన్‌హీట్ కింద, గట్టిపడటం మొదలుపెడుతుంది. ఇంకా చలి పెరిగితే ప్లాస్టిక్ ముక్కలా రోడ్డు మీద జారుతుంది. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. మంచు పడితేనే ప్రమాదం అనుకుంటారు. రోడ్డు పొడిగా ఉన్నా సరే, ఫజర్‌కి బయల్దేరే వేళ 2 డిగ్రీలుంటే మలుపులో కొంచెం గట్టిగా యాక్సిలరేటర్ నొక్కితే చాలు, వెనక చక్రాలు పక్కకి వెళ్లిపోతాయి.

సుమారు మైనస్ 7 డిగ్రీల కింద ఇంకో సమస్య. రబ్బరు పెళుసెక్కి, ట్రెడ్‌లో పగుళ్లు రావొచ్చు. అంత చలిలో కారు కదపొద్దని టైరు కంపెనీలే చెప్తాయి. బయట గడ్డకట్టిన టైర్లని కనీసం 5 డిగ్రీలున్న గదిలో కనీసం 24 గంటలు ఉంచి, పగుళ్లు చూసుకున్నాకే వాడాలి. హీటర్ గాలి నేరుగా టైరుకి కొట్టకూడదు.

మరి పట్టు పెంచుకునేదెలా?

అసలైన మందు ఒక్కటే, వింటర్ టైర్లు. వాటి రబ్బరు చలిలోనూ మెత్తగా ఉండేలా తయారుచేస్తారు, ట్రెడ్‌లో సన్నటి కోతలు వందల్లో ఉంటాయి. పక్కన మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు గుర్తు ఉందో లేదో చూడండి. ఉత్త ఎం ప్లస్ ఎస్ అని రాసుంటే నమ్మడానికి లేదు, దానికి మంచు మీద పరీక్ష అక్కర్లేదు. జర్మనీలో 2024 అక్టోబరు నుంచి చలికాలపు రోడ్లకి కొండ గుర్తున్న టైర్లే చెల్లుతాయి. కెనడాలోని క్యూబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా వింటర్ టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. నాలుగు చక్రాలకీ వెయ్యాలి. ఖర్చు తగ్గించుకుందామని వెనక రెండింటికే వేస్తే ముందు చక్రాలు జారి స్టీరింగ్ మాట వినదు.

ఖర్చు సంగతి కూడా చూద్దాం. రెండో సెట్టు అనగానే డబ్బు డబుల్ అనిపిస్తుంది. కానీ ఒక సెట్టు రోడ్డు మీద ఉన్నన్నాళ్లు రెండోది అరగదు, కాబట్టి రెండూ ఎక్కువ కాలం వస్తాయి. అదనంగా పడేది రిమ్ముల ఖర్చు, మార్చే కూలీ. 20 అంగుళాల చక్రం బదులు 18 లేదా 19 వేస్తే టైరు ధర తగ్గుతుంది, గుంతల్లో రిమ్ము వంగే భయమూ తగ్గుతుంది. అయితే పెద్ద బ్రేకులున్న కారుకి చిన్న రిమ్ము పడుతుందో లేదో ముందే అడగాలి. సెకండ్ హ్యాండ్ సెట్టు కొనేవాళ్లు టైరు మీద డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు చదవండి. 3522 అంటే 2022లో 35వ వారం తయారైంది. ట్రెడ్ 4 మిల్లీమీటర్ల కంటే తక్కువుంటే మంచులో దాంతో పనిలేదు, చట్టం 1.6 దాకా ఒప్పుకున్నా సరే.

గాలి లెక్క

ఉష్ణోగ్రత 5 లేదా 6 డిగ్రీలు పడితే టైరులో సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. సెప్టెంబరులో 24 డిగ్రీలున్నప్పుడు 35 పట్టించారనుకోండి. జనవరిలో మైనస్ 9 అయ్యేసరికి అది 29, 30 దగ్గరుంటుంది. అమెరికాలో గాలి హెచ్చరిక లైటు వెలగాల్సింది చెప్పిన ప్రెషర్‌కి 25 శాతం తగ్గినప్పుడు, అంటే ఇక్కడ 26 దగ్గర. లైటు వెలగలేదు కదా అని నిశ్చింతగా ఉండొద్దు. పొద్దున్నే కారు కదపకముందు గేజ్‌తో చూసి, డ్రైవర్ డోర్ పక్క స్టిక్కర్ మీదున్న అంకెకి నింపాలి. గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుందని కొందరు సలహా ఇస్తారు, అది ఇసుకలో బండి తోలేవాళ్ల సంగతి.

రేసుల్లో చూసినట్టు కారుని అటూ ఇటూ ఊపి టైర్లు వేడెక్కిద్దామనుకోవడం రోడ్డు మీద పనికిరాదు. ఫార్ములా వన్‌లో టైర్లకి కరెంటు దుప్పట్లు కప్పి 70 డిగ్రీల దాకా వేడిచేస్తారు. ఇండీకార్‌లో ఆ దుప్పట్లకి అనుమతి లేదు, అందుకే పిట్ నుంచి బయటికి రాగానే అంత ఆరితేరినవాళ్లు కూడా గిర్రున తిరిగిపోతుంటారు. పార్కింగ్ లాట్‌లో బర్నౌట్ చేస్తే వెనక రెండు టైర్లే వేడెక్కుతాయి, ఆ వేడీ నిలవదు, పోలీసు కేసు మాత్రం నిలుస్తుంది. మెల్లగా కొన్ని మైళ్లు నడపడమే మార్గం. మస్టాంగ్‌లో స్నో వెట్ మోడ్ ఉంటుంది, దాన్ని వాడండి. ట్రాక్షన్ కంట్రోల్ తీసెయ్యొద్దు. ఆల్ వీల్ డ్రైవ్ కారు కదలడానికి సాయపడుతుంది, ఆగడానికి కాదు. ఆగేటప్పుడు అన్ని కార్లకీ దిక్కు టైర్లే.

గడ్డకట్టిన ఐసు మాత్రం వేరే లెక్క. సున్నా డిగ్రీల దగ్గర, పైన నీటి పొర ఉండే ఐసు మైనస్ 10లోని ఐసు కన్నా ఎక్కువ జారుతుంది. వంతెనలు, ఫ్లైఓవర్లు నేల మీద రోడ్డు కంటే ముందే గడ్డకడతాయి. మనవాళ్లు బాగా ఉన్న డల్లాస్ పక్కనే, ఫోర్ట్‌వర్త్‌లో 2021 ఫిబ్రవరి 11న ఐ 35 వెస్ట్ హైవే మీద 130కి పైగా వాహనాలు ఒకదాన్నొకటి గుద్దుకుని ఆరుగురు చనిపోయారు. అలాంటి పొద్దున మంచి టైరు ఉన్నా బండి తియ్యకపోవడమే మేలు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు ఇదంతా చదివి టైర్లు మార్చక్కర్లేదు. ఇక్కడ పగలు 7 డిగ్రీలకి ఎప్పుడూ దిగదు, సమ్మర్ టైరు ఏడాదంతా నడుస్తుంది. డిసెంబరులో తెల్లారకముందే లంబసింగి ఘాట్ ఎక్కేవాళ్లు మాత్రం మొదటి మలుపుల్లో నిదానం చూపాలి. అమెరికాలో పిల్లలున్నవాళ్లు ఈసారి ఫోన్‌లో "బేటా, కారు ఎలా ఉంది" అని కాకుండా, టైరు పక్కన కొండ గుర్తు ఉందా అని అడగండి. ఫొటో పంపమనండి.