చెప్పుకోగలిగిన తప్పులు: విమాన భద్రతా పర్యవేక్షణ చరిత్రలో ఒక పాయ

1918లో అమెరికా తపాలా శాఖ ఉత్తరాల్ని విమానాల్లో పంపడం మొదలుపెట్టింది. యుద్ధం మిగిల్చిన డీహెచ్-4 విమానాలు, రైలు పట్టాల్నీ నదుల్నీ ఆనవాలుగా పెట్టుకుని ఎగిరే పైలట్లు, పొగమంచైనా తుఫానైనా బయల్దేరి తీరాలనే అధికారులు. మొదట చేరిన 40 మంది పైలట్లలో 31 మంది ఆ ఉద్యోగంలోనే చనిపోయారని చెబుతారు. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో మెకానికల్ ఇంజనీరింగ్ చదివిన జెరోమ్ లెడెరర్ 1926లో ఈ కొలువులో చేరాడు. అప్పటికి ఆయనకు ఇంకా 24 నిండలేదు. షికాగో దగ్గరి మేవుడ్‌లో ఉన్న మరమ్మతు కేంద్రంలో ఆయన పని. కూలిన విమానం వెంటనే అంటుకోకుండా ఎగ్జాస్టు గొట్టాల అమరిక మార్చడం ఆయన మొదట్లో పట్టించుకున్న పనుల్లో ఒకటి. పైలట్ ఎందుకు కూల్చాడన్నది ఇక్కడ ప్రశ్న కాదు. కూలిన తరువాత మనిషి బతికి బయటపడటానికి విమానంలో ఏం మార్చాలన్నది ప్రశ్న. ఆ తరువాత డెబ్బయి ఏళ్లకు పైగా ఆయన ఈ తరహా ప్రశ్నలే వేస్తూ వచ్చాడు.

1927 మే నెలలో లిండ్‌బర్గ్ ఒంటరిగా అట్లాంటిక్ దాటబోయే ముందు ఆ విమానాన్ని చూసినవాళ్లలో లెడెరర్ కూడా ఉన్నాడు. ఇద్దరూ వైమానిక తపాలా లోకానికి చెందినవాళ్లే. లిండ్‌బర్గ్ అంతకుముందు సంవత్సరం సెయింట్ లూయిస్, షికాగో మధ్య ఉత్తరాలు మోస్తూ రెండుసార్లు పారాచూట్‌తో దూకి ప్రాణాలు దక్కించుకున్నాడు. అతను పారిస్ చేరతాడన్న ఆశ తనకు పెద్దగా లేదని లెడెరర్ ముసలితనంలో ఒప్పుకున్నాడు. ఆ రోజు తాను చేసింది క్షుణ్ణమైన తనిఖీ కాదని కూడా అన్నాడు. వీరగాథల్లో ఇలాంటి మాటలకు చోటుండదు కాబట్టి ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

విమాన భద్రత చరిత్రను సాధారణంగా చట్టాలతో మొదలుపెడతారు. అమెరికా విషయంలో 1926 నాటి ఎయిర్ కామర్స్ చట్టంతో. నా ఉద్దేశంలో 1929లో లెడెరర్ చేరిన బీమా కార్యాలయానికి కనీసం అంత ప్రాధాన్యం ఇవ్వాలి. ఏరో ఇన్సూరెన్స్ అండర్‌రైటర్స్ అనే ఆ సంస్థలో ఆయన చీఫ్ ఇంజనీరు, పని నష్టాల్ని తగ్గించడం. ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్‌కు లేని సౌలభ్యం ఒకటి బీమావాడికి ఉంది. పది కంపెనీల నష్టాలు అతని బల్ల మీదికే వస్తాయి. ఒక ఊళ్లో ఒక బోల్టు విరిగి, ఇంకో ఊళ్లో అదే రకం బోల్టు సగం చీలిందంటే రెండూ ఒకే ఫైలులో కనిపిస్తాయి. పైగా అతను లైసెన్సు లాక్కోలేడు, కోర్టుకు ఈడ్వలేడు. ప్రీమియం పెంచగలడు, లేదంటే సలహా ఇవ్వగలడు. లెడెరర్ ఆ సలహాల్ని బులెటిన్లుగా అచ్చువేసి కంపెనీలకు పంపేవాడు. ఒకరి అనుభవం ఇంకొకరికి చేరే దారి అలా పడింది. కంపెనీలే తమ ప్రమాదాల్ని ముందుగా వెతుక్కునే నేటి సేఫ్టీ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌కు పునాది పోలీసు పద్ధతిలో లేదు, ఈ బీమా లెక్కల్లో ఉంది.

తరువాత రెండేళ్లు ఆయన ప్రభుత్వంలో పనిచేశాడు. 1938 చట్టం ప్రమాదాల దర్యాప్తుకు ఎయిర్ సేఫ్టీ బోర్డు అనే స్వతంత్ర సంస్థను నెలకొల్పింది. 1939 మార్చి చివరి నుంచి అమెరికా విమాన కంపెనీలకు ప్రాణనష్టం కలిగించిన ప్రమాదమే లేదు. ఆ ప్రశాంతత నడుమనే, 1940 వేసవిలో, పాలనా సంస్కరణల పేరుతో ఆ బోర్డును రద్దుచేసి దాని పనిని సివిల్ ఏరోనాటిక్స్ బోర్డులోని సేఫ్టీ బ్యూరోకు అప్పగించారు. ఆ బ్యూరో డైరెక్టర్‌గా లెడెరర్ వచ్చాడు. ఆగస్టు 31న వర్జీనియాలోని లవెట్స్‌విల్ దగ్గర ఉరుములు మెరుపుల వానలో ఒక డీసీ-3 కూలింది. ఒక సెనేటర్‌తో సహా 25 మంది పోయారు. పదిహేడు నెలల నిశ్శబ్దం అలా ముగిసింది. బోర్డు ఉండి ఉంటే ఈ విమానం కూలేది కాదని ఎవరూ అనలేరు. అయితే ప్రమాదాలు లేని కాలంలోనే పర్యవేక్షణ ఖర్చు దండగగా తోస్తుందన్న సంగతి ఈ చరిత్రలో మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. ఆ రోజుల్లోనే విమానాల్లో ఎత్తును నమోదుచేసే పరికరం పెట్టాలని నిబంధన వచ్చింది. యుద్ధకాలపు కొరతల్లో విడిభాగాలు దొరక్క గడువులు పొడిగించి, చివరికి 1944లో ఎత్తేశారు.

యుద్ధం ముగిశాక, 1947లో, లెడెరర్ న్యూయార్క్‌లో ఫ్లైట్ సేఫ్టీ ఫౌండేషన్‌ను స్థాపించి ఇరవై ఏళ్లు నడిపాడు. అధికారం లేని సంస్థ అది. బీమా ఆఫీసులో నేర్చుకున్న పద్ధతినే అక్కడ ప్రపంచం మొత్తానికి విస్తరించాడు. వ్యాపారంలో పోటీపడే కంపెనీలు ఒకే బల్ల దగ్గర కూర్చుని ప్రమాదపు అంచుదాకా వెళ్లి వచ్చిన కథలు చెప్పుకునే అలవాటును ఇలాంటి వేదికలే పెంచాయి. 1967 జనవరి 27న అపోలో-1 మంటల్లో ముగ్గురు వ్యోమగాములు చనిపోయిన తరువాత నాసా ఆయన్ని పిలిచింది. మానవసహిత అంతరిక్షయానానికి భద్రతా డైరెక్టర్‌ను చేసింది. అపోలో-8 బయల్దేరే ముందు ఆయన చెప్పిన లెక్క ఒకటి ప్రసిద్ధం. ఆ నౌకలో 56 లక్షల భాగాలున్నాయి, అన్నీ 99.9 శాతం నమ్మకంగా పనిచేసినా 5,600 లోపాలు తప్పవు అని. 1972లో నాసాను వదిలాడు. 2004లో 101 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

ఆయన నాసా నుంచి వెళ్లిన రెండేళ్లకు, ఆయన అంతకాలం చెబుతూ వచ్చినదాన్ని ఒక కొండ దగ్గరి ప్రమాదం రుజువు చేసింది. 1974 డిసెంబర్ 1న వాషింగ్టన్ వెళ్లాల్సిన టీడబ్ల్యూఏ 514వ విమానాన్ని గాలుల వల్ల డల్లెస్ విమానాశ్రయానికి మళ్లించారు. ఇంకా చాలా మైళ్ల దూరం ఉండగానే, రన్‌వే వైపు దిగే దారికి కంట్రోలర్ అనుమతి ఇచ్చాడు. అనుమతి వచ్చిందంటే దారిలో కొండలు అడ్డురాని ఎత్తును కంట్రోలరే చూసుకుంటాడని పైలట్ అనుకున్నాడు. ఎత్తు బాధ్యత పైలట్‌దేనని కంట్రోలర్ అనుకున్నాడు. చార్టులో ఇంకా ఎక్కువ ఎత్తు రాసి ఉండటం చూసి కాక్‌పిట్‌లో చర్చ కూడా జరిగింది. చివరికి 1,800 అడుగులకు దిగడం మొదలుపెట్టి మౌంట్ వెదర్‌ను ఢీకొన్నారు. విమానంలోని 92 మందీ పోయారు. దర్యాప్తులో బయటపడిన సంగతి ఇంకా బాధాకరం. ఆరు వారాల ముందు యునైటెడ్ సంస్థ విమానం ఒకటి అదే అపోహతో అదే కొండను కొద్దిలో తప్పించుకుంది. ఆ సంస్థ తన పైలట్లను హెచ్చరించింది. పక్క సంస్థ పైలట్లకు ఆ మాట చేరే దారి లేదు.

అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 1975లో స్వచ్ఛందంగా తప్పులు చెప్పుకునే పథకం ప్రకటించింది. లైసెన్సు రద్దుచేసే చెయ్యే కాగితం అందుకుంటుంటే పైలట్లు నమ్ముతారా? నమ్మలేదు. అందుకని మరుసటి ఏడాది ఆ బాధ్యతను నాసాకు ఇచ్చారు. విమానయానాన్ని శాసించే అధికారం నాసాకు లేదు, ఆ లేకపోవడమే ఇక్కడ అర్హత అయింది. రిపోర్టు పంపినవాడి పేరున్న భాగాన్ని కత్తిరించి అతనికే వాపసు చేస్తారు. కావాలని చేయని తప్పయి, నేరమో ప్రమాదమో కాని సంఘటనయి, పది రోజుల్లోగా చెప్పుకుంటే, ఎఫ్‌ఏఏ ఉల్లంఘనను నమోదు చేసినా జరిమానా విధించదు. ఈ పథకం ఇప్పటికీ నడుస్తోంది. బ్రిటన్ లాంటి దేశాలు దీన్ని చూసే తమ పద్ధతులు ఏర్పరుచుకున్నాయి.

ఇంతవరకూ చదివితే కథ ఒకే వైపు సాగుతున్నట్టు కనిపిస్తుంది: శిక్ష పోతే సమాచారం వస్తుంది, సమాచారం వస్తే భద్రత పెరుగుతుంది. డ్రైడెన్ ప్రమాదం ఈ సూటి దారిని వంకర తిప్పింది.

1989 మార్చి 10న కెనడాలోని థండర్ బే నుంచి విన్నిపెగ్ వెళ్తున్న ఎయిర్ ఒంటారియో 1363వ విమానం మధ్యలో డ్రైడెన్ అనే చిన్న ఊళ్లో ఆగింది. ఫాకర్ ఎఫ్-28 అది. నేల మీద ఇంజిన్లను మొదలుపెట్టడానికి పనికొచ్చే సహాయక యంత్రం చెడి ఉంది. చెడినా ఎగరవచ్చని నిబంధనలు అనుమతించాయి. డ్రైడెన్‌లో బయటినుంచి ఇంజిన్ మొదలుపెట్టే సామగ్రి లేదు కాబట్టి, ఆపితే మళ్లీ అంటుకోదన్న భయంతో ఒక ఇంజిన్‌ను నడుస్తూనే ఉంచారు. ప్రయాణికులు లోపల ఉండగానే ఇంధనం నింపారు. ఇంజిన్ నడుస్తుంటే రెక్కల మీద మంచు కరిగించే ద్రవం చల్లకూడదు. మంచు కురుస్తూనే ఉంది. అప్పటికే ఆలస్యమైన విమానం, దారి తడబడిన ఒక చిన్న సెస్నా దిగేదాకా రన్‌వే పక్కన ఇంకాస్త ఆగింది. మంచు పేరుకున్న రెక్కలతో లేచి, రన్‌వే దాటిన కొద్ది దూరంలోనే చెట్లలో కూలింది. 69 మందిలో 24 మంది చనిపోయారు. ప్రయాణికుల్లో ఇద్దరు విమాన కెప్టెన్లు ఉన్నారు. రెక్కల మీది మంచు వాళ్లకూ కనిపించింది, ఎయిర్ హోస్టెస్‌కూ కనిపించింది. కాక్‌పిట్‌కు వెళ్లి చెప్పినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. పైలట్లు అలాంటి మాట వింటారన్న నమ్మకం తనకు లేకపోయిందని బతికి బయటపడిన ఉద్యోగిని విచారణలో చెప్పింది.

విచారణ కమిషన్‌కు అల్బెర్టా న్యాయమూర్తి వర్జిల్ మొషాన్‌స్కీ నాయకత్వం వహించాడు. పైలట్ మంచుతో ఎగిరాడు అని ఒక్క వాక్యంలో తేల్చేసే వీలుంది, తేల్చలేదు. ఎందుకు ఎగరాల్సి వచ్చింది, ఆ యంత్రం చెడినా బండి బయల్దేరనిచ్చింది ఎవరు, ఎఫ్-28 నడపడానికి ఆ కంపెనీకి తగిన సిద్ధత ఉందో లేదో చూడాల్సినవాళ్లు చూశారా అని అడుగుతూ పైకి వెళ్లాడు. రెండు చిన్న కంపెనీలు కలిసి ఏర్పడిన ఆ సంస్థలో ఏ నియమావళి పాటించాలన్నదే స్పష్టంగా లేదు. జెట్ విమానాల అనుభవం తక్కువ. ప్రభుత్వం సరిగ్గా అదే కాలంలో విమాన వ్యాపారాన్ని నియంత్రణ నుంచి సడలించి, ఇన్‌స్పెక్టర్ల బడ్జెట్‌ను కోసింది. 1988లో ప్రభుత్వ రవాణా శాఖ ట్రాన్స్‌పోర్ట్ కెనడా చేసిన తనిఖీలో ఎఫ్-28 కార్యకలాపాల జోలికే పోలేదు. 1992లో వచ్చిన తుది నివేదికలో 191 సిఫార్సులున్నాయి. మనస్తత్వవేత్త జేమ్స్ రీజన్ 1990లో ప్రచురించిన గ్రంథంలో చెప్పిన దాగిన లోపాల సిద్ధాంతానికి డ్రైడెన్ పాఠ్య ఉదాహరణ అయింది. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావోలో పనిచేసిన డేనియల్ మౌరినో వంటివారు దాన్ని ప్రపంచమంతటా తిప్పారు.

ఈ మథనం నుంచి వచ్చిందే సేఫ్టీ మేనేజ్‌మెంట్ సిస్టమ్. దాని ప్రకారం ఇన్‌స్పెక్టర్ వచ్చి తప్పు పట్టేదాకా కంపెనీ ఆగకూడదు. ప్రమాదం ఎక్కడ పొంచి ఉందో తానే వెతకాలి, తీసుకున్న జాగ్రత్త పనిచేస్తోందో లేదో తానే కొలవాలి, సిబ్బంది భయపడకుండా చెప్పే దారి ఉంచాలి. అన్నిటికీ బాధ్యత వహించే ఒక పై అధికారి పేరు కాగితం మీద ఉండాలి. 2005లో కెనడా దీన్ని విమాన కంపెనీలకు తప్పనిసరి చేసింది. ఐకావో ఒక్కో రంగానికి విస్తరిస్తూ 2013 నవంబర్‌లో 19వ అనుబంధంగా అమల్లోకి తెచ్చింది.

చిత్రమేమిటంటే, కెనడాలో దీని తీరును గట్టిగా తప్పుపట్టినవాళ్లలో మొషాన్‌స్కీ ఒకడు. కొత్త పద్ధతి పేరుతో ప్రభుత్వం తనిఖీలు తగ్గించుకుంటోందని, ఇన్‌స్పెక్టర్లు విమానాల దగ్గరికి వెళ్లడం మాని కంపెనీ ఫైళ్లు చదువుతున్నారని ఆయన బాధ. నాకు ఆయన మాట న్యాయంగా తోస్తుంది. లెడెరర్ పద్ధతి ఫలించిన చోటల్లా పక్కన అధికారం ఉన్న సంస్థ ఒకటి మెలకువగా ఉంది. నాసా చేతికి రిపోర్టు వెళ్లినా ఎఫ్‌ఏఏ తనిఖీ ఆగలేదు. తనిఖీ అనే ఆ రెండో కాలు విరిచి, తప్పులు చెప్పుకోవడం అనే మొదటి కాలి మీదే నడిపిస్తే డ్రైడెన్ పరిస్థితే మళ్లీ వస్తుంది.

మన దేశానికి ఈ రెండో కాలి సంగతి పరాయి చేతుల మీదుగా తెలిసింది. 2010 మే 22న మంగళూరులో దుబాయ్ నుంచి వచ్చిన విమానం బల్లపరుపు గుట్ట అంచు దాటి లోయలో పడి 158 మంది పోయారు. కో పైలట్ మళ్లీ పైకి లేపుదామని మూడుసార్లు అన్నాడని రికార్డర్ చెప్పింది. ఆ తరువాత మూడున్నరేళ్లకు, 2014 జనవరి 31న, ఎఫ్‌ఏఏ మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏను భద్రతా పర్యవేక్షణ రేటింగులో రెండో శ్రేణికి దించింది. విమానాల్ని ఎవరూ తప్పుపట్టలేదు. వాటిని చూసే ఫ్లైట్ ఆపరేషన్స్ ఇన్‌స్పెక్టర్లు చాలినంత మంది లేరన్నది ప్రధాన ఆరోపణ. మన సంస్థలు అమెరికాకు కొత్త సర్వీసులు పెంచుకునే వీలు పోయింది. పోస్టులు మంజూరు చేసి, మనుషుల్ని తీసుకున్నాక 2015 ఏప్రిల్‌లో మొదటి శ్రేణి తిరిగి వచ్చింది. జీతాల విషయంలో కంపెనీలతో పోటీపడలేక అనుభవమున్న పైలట్లను ఇన్‌స్పెక్టర్లుగా నిలుపుకోవడం ప్రతి దేశానికీ కష్టమే.

అమెరికా తన ఇంట్లో ఆ పాఠం నేర్చుకున్నది ఇంకా ఆలస్యంగా. బోయింగ్ 737 మ్యాక్స్ రెండు ప్రమాదాల్లో 346 మంది చనిపోయారు. రెండోది 2019 మార్చి 10న, డ్రైడెన్ జరిగి సరిగ్గా ముప్పై ఏళ్లకు. ధ్రువీకరణ పనిలో చాలా భాగం తయారీదారు ఉద్యోగులకే అప్పగించడం ఎంత దూరం వెళ్లిందో దాంతో బయటపడింది. 2020 చివర్లో బోయింగ్ స్వచ్ఛందంగా తెచ్చిన సేఫ్టీ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌ను ఎఫ్‌ఏఏ ఆమోదించింది. 2024 జనవరి 5న అలాస్కా ఎయిర్‌లైన్స్ విమానంలో గాల్లో ఉండగా డోర్ ప్లగ్ ఊడిపోయింది. మరుసటి నెలలో, బోయింగ్ భద్రతా పద్ధతుల్ని పరిశీలిస్తున్న నిపుణుల సంఘం 53 సిఫార్సులతో నివేదిక ఇచ్చింది. వ్యవస్థకు కావలసిన కాగితాలన్నీ ఉన్నాయని, అది ఏమిటో కార్మికులకు సరిగా అర్థం కాలేదని, చెప్పుకుంటే ప్రతీకారం ఎదురవుతుందన్న అనుమానం పోలేదని అందులో ఉంది. ఆ ఏప్రిల్‌లో ఎఫ్‌ఏఏ తయారీదారుల్లో కొందరికి ఈ వ్యవస్థను తప్పనిసరి చేస్తూ నిబంధన తెచ్చి, 2027 మే దాకా గడువిచ్చింది.